మందం దగ్గరే తేలే తేడా: 1969 కమారో జెడ్/28 నమూనా కిట్ సమీక్ష

నవంబరు చివర మొదలుపెట్టి ఏప్రిల్ రెండో వారం దాకా, వారాంతాల్లోనూ పిల్లలు పడుకున్నాక రాత్రిళ్లూ కూర్చుని, 1969 నాటి షెవర్లే కమారో జెడ్/28 కారుకు 1:25 ప్రమాణంలో, అంటే అసలులో ఇరవై ఐదో వంతు కొలతలో, ముక్కలు అతికించి కట్టుకునే కిట్ నుంచి ప్లాస్టిక్ నమూనా ఒకటి పూర్తి చేశాను. అసలు కారు పొడవు 186 అంగుళాలు. నమూనా పొడవు 189 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా రాదు. డెట్రాయిట్ శివార్లలో మా ఇంటికి దగ్గరగా ఉన్న హాబీ షాపులో ముప్పై డాలర్ల పైచిలుకుకు కొన్న ఆ కిట్‌లో మెచ్చుకోదగినది ఏముందో, జాగ్రత్తపడవలసినది ఎక్కడో, కొనదలచిన తెలుగువారికి పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. నాకు ఎదురైన లోపాల్లో కొన్ని నాకు దొరికిన పెట్టెకే పరిమితం కావచ్చు గనుక తయారీదారు పేరు చెప్పకుండా వస్తువు గురించే మాట్లాడతాను.

ఈ కారు సంగతి కొంత తెలియకపోతే కిట్‌లో ఏది ముఖ్యమో తెలియదు. 1966లో అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ మొదలుపెట్టిన ట్రాన్స్-యామ్ పందేలలో ఇంజన్ పరిమాణం 305 ఘనపు అంగుళాలు, అంటే 5 లీటర్లు మించకూడదన్న నియమం ఉండేది. ఆ హద్దులో ఇమిడేలా షెవర్లే వారు 4 అంగుళాల బోరు (సిలిండరు వ్యాసం), 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం)తో 302 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజన్ తయారుచేసి, దాన్ని ఆర్డరు పత్రంలో జెడ్/28 అనే సంఖ్య కింద అమ్మారు. కారుకు ఆ పేరే నిలిచిపోయింది. 1967లో 602 కార్లు మాత్రమే తయారైతే 1969లో 20,302 తయారయ్యాయి. రోజర్ పెన్‌స్కీ జట్టు తరఫున మార్క్ డోనహ్యూ నడిపిన కమారోలు 1968లోనూ 1969లోనూ షెవర్లేకు ఆ పందేల కిరీటం తెచ్చిపెట్టాయి. కాగితం మీద ఈ ఇంజన్ శక్తి 290 గుర్రాలే గానీ, అసలు శక్తి అంతకు బాగా ఎక్కువని ఈ కార్ల గురించి తెలిసినవారు ఇంచుమించు అందరూ అనే మాట. కమారోను మజిల్ కారు (పెద్ద ఇంజన్ పెట్టిన వేగపు కారు) అనకూడదు, "పోనీ కారు" (చిన్నపాటి స్పోర్టీ కారు) అనాలి అని పట్టుబట్టేవారు ఇక్కడ ఉన్నారు. పెద్ద ఇంజన్ కాదు గనుక వారి మాటలో న్యాయం లేకపోలేదు. అయినా హాబీ షాపు అరల్లో అది చార్జర్, జీటీఓ వంటి మజిల్ కార్ల పక్కనే ఉంటుంది, నేనూ అక్కడినుంచే తీశాను.

నమూనా కార్లలో 1:25 ప్రమాణం అమెరికాలోనే స్థిరపడింది. షోరూములలో కొత్త మోడల్ కార్లను చూపించడానికి 1950ల నుంచి ఏఎమ్‌టీ, జో-హాన్ వంటి సంస్థలు ఈ కొలతలోనే ప్లాస్టిక్ బొమ్మలు పోసి డీలర్లకు ఇచ్చేవి. 1958లో ఏఎమ్‌టీ అవే అచ్చుల దారిలో ఇంట్లో కట్టుకునే కిట్లు తెచ్చింది. ఈ కొలతలో పనిచేసేవారు మనసులో ఎప్పుడూ ఒక గుణకారం చేసుకుంటూ ఉండాలి. నమూనా మీద పదో వంతు మిల్లీమీటరు మందాన పడిన రంగు, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల మందాన మెత్తిన లప్పంతో సమానం. అసలు కారులో స్పార్క్ ప్లగ్ తీగ 7 మిల్లీమీటర్లు. నమూనాలో అది 0.28 ఉండాలి. తలుపుకూ ఫెండరుకూ (చక్రం మీది రేకుకూ) మధ్య 5 మిల్లీమీటర్ల సందు, ఇక్కడ 0.2. రంగు ఎంత అందంగా ఉన్నా, ఇంజన్ ఎంత వివరంగా ఉన్నా, ఈ లెక్క ఒక్కచోట తప్పితే చూసేవారి కన్ను వెంటనే ఇది బొమ్మ అని పట్టేస్తుంది. అందుకే ఈ కిట్‌ను నేను మొదటినుంచి చివరిదాకా మందం అనే ఒక్క కొలబద్దతోనే చూశాను.

ఆ కొలబద్ద ముందు బాడీ బాగా నిలబడింది. 1969 కమారోకు ప్రాణం చక్రాల పైనుంచి వెనక్కి సాగే ఆ గీతలలో ఉంది. 1967, 68 కార్లలో గుండ్రంగా ఉన్న చక్రాల గూళ్లను 1969లో కాస్త చదును చేసి, వాటి పైనుంచి ఒక మడతను తలుపు మీదుగా వెనక్కి లాగి వదిలారు. ఆ మడత ముందు పదునుగా మొదలై వెనక్కి వెళ్లేకొద్దీ రేకులో కరిగిపోవాలి. చాలా నమూనాలలో అది చివరిదాకా ఒకే లోతుతో గీసినట్టు ఉంటుంది. ఈ అచ్చులో అది నిజంగానే కరిగిపోతుంది. బాడీని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని తిప్పితే వెలుగు ఆ మడత వెంట జారి తలుపు మధ్యకు వచ్చేసరికి మాయమవుతుంది. వెనక చక్రం ముందు ఉండే మూడు నిలువు చీలికలు, కొద్దిగా లోపలికి నొక్కినట్టుండే గ్రిల్, తలుపు అద్దాలలో ముందువైపు చిన్న ముక్కోణపు అద్దం లేకపోవడం (దాన్ని 1968లోనే తీసేశారు), అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి.

అయితే అచ్చు రెండు భాగాలు కలిసినచోట ఏర్పడే సన్నని గట్టు ముందు ఫెండర్ల అంచు మీదుగా, పైకప్పు వెనక స్తంభాల మీదుగా పోతుంది. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టకముందు దాన్ని గీకి, 400 నంబరు ఉప్పు కాగితంతోనూ ఆ తర్వాత 800తోనూ నీళ్లలో రుద్ది పూర్తిగా పోగొట్టాలి; లేకపోతే రంగు పడ్డాక అక్కడ మచ్చలాగా తేలుతుంది. నాకు దొరికిన బాడీలో బానెట్ ఎడమ అంచు దగ్గర సందు కుడివైపు కంటే స్పష్టంగా ఎక్కువ ఉంది. 0.25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ రేకు నుంచి సన్నని పట్టీ కోసి అతికించి, ఆరాక రుద్ది సరిచేశాను. ఒక సాయంత్రం పని. కొత్తవారు దాన్ని అలాగే వదిలేసినా కారు పాడైపోదు గానీ, బానెట్ మీద తెల్ల చారలు గీశాక ఆ వంకర కళ్లకు మరీ కొడుతుంది.

ఇంజన్ ఈ కిట్‌లో అన్నిటికంటే మంచి భాగం. రెండు సగాలుగా వచ్చే బ్లాకు అతుకు చక్కగా కూర్చుంది. గేర్‌బాక్సు దానితో కలిసే ఉంది. ఫ్యాను బెల్టు మందం మాత్రం నిజానికి మూడు రెట్లు ఉంటే ఫైలుతో అరగదీసి తగ్గించాను. 302 ఇంజన్‌కు వేయవలసినది షెవర్లే నారింజ రంగు, కారు బాడీకి వేసే నారింజ కాదు. ఇది కాస్త ఎరుపు కలిసిన రంగు. రెండిటికీ ఒకే సీసా వాడితే బానెట్ తెరిచినప్పుడు ఇంజన్ బాడీలో కలిసిపోయి కనిపించదు. ఇంజన్ చుట్టూ ఉన్న గోడలకు సగం మెరుపు గల నలుపు వేశాను. కిట్‌లో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే భాగం) ఉంది గానీ తీగలు లేవు. ఆ లోటు ఈ ధర కిట్లన్నిటిలోనూ ఉండేదే, ఇంట్లోనే తీరేదే. 0.3 మిల్లీమీటర్ల తీగ చుట్ట కొని, డిస్ట్రిబ్యూటర్ మూతలో పిన్ను లాంటి డ్రిల్లు ముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఎనిమిది రంధ్రాలు చేసి, చుట్టూ తీగలు దించాను. తీగలు ఏ సిలిండరుకు ఏది వెళ్లాలో కూడా చూసుకోవాలి. షెవర్లే చిన్న వి-8లో మండే వరస 1-8-4-3-6-5-7-2. బేసి సంఖ్యలు డ్రైవరు వైపు, సరి సంఖ్యలు అటువైపు. డిస్ట్రిబ్యూటర్ ఇంజన్ వెనక, ముందు అద్దం కింది గోడకు ఆనుకుని ఉంటుంది. ఎవరు లెక్కపెట్టి చూస్తారని అనిపించవచ్చు. ఈ కార్లు నడిపినవారు తప్పకుండా చూస్తారు, మొదట చూసేది అదే.

రంగు విషయంలో ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మందం అనే శత్రువు ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే. 1969లో షెవర్లే వారు ఈ కారుకు ఇచ్చిన రంగుల్లో అందరికీ గుర్తున్నది హగ్గర్ ఆరెంజ్. నారింజ రంగు స్వభావం ఏమిటంటే అది కింద ఉన్నదాన్ని కప్పదు. బూడిద రంగు ప్రైమర్ మీద వేస్తే మసకబారుతుంది, కప్పడానికని మరో రెండు కోట్లు వేయవలసివస్తుంది, అంతలో తలుపుల సందులు పూడుకుపోతాయి. కాబట్టి కింద తెలుపే ఉండాలి. నేను తామియా వారి తెల్లని సన్నరకం ప్రైమర్ రెండు పలుచని కోట్లు వేసి, అంతకుముందే బాడీ మీది సందులన్నిటినీ గీత కత్తితో ఇంకొంచెం లోతు చేశాను. రంగు పడ్డాక అవి అసలు లోతుకు వస్తాయి.

కిట్‌తో పాటు బానెట్ మీదికీ డిక్కీ మీదికీ తెల్ల చారలు నీటిలో నానబెట్టి అతికించే స్టిక్కర్లుగా ఇచ్చారు. వాటి ముద్రణ పదునుగా ఉంది, కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. కానీ బాడీ జోలికి వెళ్లకముందు ఒక ప్లాస్టిక్ చెంచాకు అదే నారింజ రంగు వేసి, దాని మీద ఒక చారను అతికించి చూశాను. ఆరాక ఆ తెలుపు తెలుపుగా లేదు. కింది నారింజ పైకి తేలి, మజ్జిగలో పసుపు కలిపినట్టు అయింది. చెంచా మీద చూడకుండా బాడీ మీదే అతికించి ఉంటే అంతా గీకి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చేది. ఈ కిట్ కొన్నవారందరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే: ఆ చారల స్టిక్కర్లను కొలతల కోసమే వాడండి, చారలు మాత్రం రంగుతోనే వేయండి. అడుగున తెలుపు ఎలాగూ ఉంది గనుక దాని మీద మరో కోటు మెరిసే తెలుపు వేసి, స్టిక్కరు కాగితాన్ని నకలు తీసి కొలత చూసుకుని, చారలు రావలసినచోట సన్నని మాస్కింగ్ టేపు అతికించాను. టేపు అంచు కింద నారింజ పాకకుండా ఉండడానికి మొదట ఆ అంచుల మీద మళ్లీ తెలుపే పలుచగా చల్లాను. పాకితే పాకేది తెలుపే కదా. ఆ తర్వాత ఎయిర్ బ్రష్‌తో నారింజ నాలుగు కోట్లు, ఒక్కో కోటు ఊదినట్టు మాత్రమే. చారలు బానెట్ మీదా డిక్కీ మీదా మాత్రమే ఉండాలి, పైకప్పు మీదికి పోకూడదు. పైకప్పు మీద కూడా గీసిన జెడ్/28 నమూనాలు చాలా కనిపిస్తుంటాయి.

టేపు తీసిన రాత్రి నాకు బాగా గుర్తుంది. ఒక మూల పట్టకారుతో పట్టుకుని, టేపును దాని మీదికే మడుస్తూ వెనక్కి లాగుతుంటే, బానెట్ ముందు అంచు నుంచి అద్దం దాకా తెల్లని చార ఒక్కటే గీతగా బయటపడింది. ఒకే ఒకచోట, బానెట్ మధ్య ఉబ్బు మొదలయ్యే వంపులో, సూదిమొనంత నారింజ లోపలికి వచ్చింది. పుల్ల కొనకు కొద్దిగా థిన్నరు తడి అద్ది దాన్ని తీసేశాను. ఆ తర్వాత పారదర్శక లక్క (లాకర్) రెండు కోట్లు. రెండు వారాలు ముట్టుకోలేదు. ఆరిన తర్వాత 3200 మొదలు 12000 దాకా మెత్తని పాలిషింగ్ బట్టలతో నీళ్లలో రుద్ది, చివర పాలిష్ పేస్టు పెట్టాను. మడతల అంచుల మీద రుద్దకూడదు, అక్కడ రంగు అసలే పలుచగా ఉండి ఒక్క నిమిషంలో తెలుపు తేలుతుంది. ఇంట్లో చలిగా ఉన్న రోజుల్లో లక్క వేయవద్దు; గాలిలో తడి ఎక్కువైతే మసకగా పాలు కలిసినట్టు ఆరుతుంది.

కిటికీల చుట్టూ, వాన నీరు కారకుండా పైకప్పు అంచున ఉండే సన్నని పట్టీ మీద, అసలు కారులో క్రోమ్ ఉంటుంది. కిట్‌లో అది బాడీ మీదే గట్టుగా అచ్చయి ఉంది, దాని వెడల్పు అర మిల్లీమీటరు. కుంచెతో వెండి రంగు పూస్తే అది ఎన్నడూ క్రోమ్ కాదు, బూడిద రంగు గీత అవుతుంది. బేర్-మెటల్ ఫాయిల్ అని అమ్మే, వెనక జిగురున్న అతిసన్నని లోహపు రేకే దీనికి తగినది. కావలసిన దానికంటే కొంచెం పెద్ద ముక్క కోసి, కాగితం నుంచి లేపి, గట్టు మీద వదులుగా పరిచి, దూది పుల్లతో మధ్య నుంచి అంచుకు రుద్దుతూ పోతే, మొదట ముడతలు పడ్డట్టున్న రేకు క్రమంగా గట్టును కరుచుకుని, దాని కింది ఆకారం ఒక్కో పోగుగా పైకి వస్తుంది. అప్పుడు కొత్త బ్లేడు మొనను గట్టు పక్కన ఆనించి, కత్తి బరువు తప్ప చేతి బరువు వేయకుండా లాగాలి. ఒత్తితే రంగు తెగుతుంది, ఒత్తకపోతే రేకు చిరుగుతుంది. పైకప్పు రెండు పక్కలకూ నాకు మూడు సాయంత్రాలు పట్టింది. ముందు ఫెండరు మీది జెడ్/28 గుర్తుకు ఇంకో ఉపాయం ఉంది: రంగు వేయకముందే ఆ గుర్తు మీద ఇదే రేకు అతికించి, పైన రంగు వేసి, తర్వాత అక్షరాల తలల మీద మాత్రం 12000 నంబరు బట్టతో మెల్లగా రుద్దితే రంగు పోయి కింది లోహం అక్షరాలుగా బయటపడుతుంది. ఈ కిట్‌లో ఆ అక్షరాలు అందుకు సరిపడేంత ఎత్తుగా, పదునుగా పోశారు. పాత అచ్చులలో అవి అరిగిపోయి ఉంటాయి.

బంపర్లూ చక్రాలూ క్రోమ్ పూతతో ఒకే చెట్టుకు, అంటే ముక్కలను కలిపి పట్టుకునే ప్లాస్టిక్ కాడకు, గుత్తిగా వస్తాయి. పూత మరీ మందంగా లేదు, గ్రిల్ గళ్లు పూడుకుపోలేదు, కానీ చెట్టు నుంచి కోసినచోట మచ్చ పడుతుంది, అది బంపరు ముందు భాగంలో పడేలా అచ్చు వేయడం నాకు నచ్చలేదు. క్రోమ్ పెన్నుతో అద్ది దాచాను. క్రోమ్ పూత మీద ప్లాస్టిక్ సిమెంటు పట్టదు గనుక అతికించేచోట పూతను గీకేయాలి. అద్దాలు ఈ కిట్‌కు బలహీనమైన భాగం. ముందు అద్దం అంచున మిల్లీమీటరు మందం ఉంది, అంటే అసలు కారులో అంగుళం మందం. అంచులకు నల్ల మార్కరు పూస్తే ఆ మందం చాలావరకు కనబడకుండా పోతుంది. ఇంకా మంచి ఉపాయం తలుపు అద్దాలకు పనిచేసింది: కిట్ ముక్కలు పక్కన పెట్టి 0.25 మిల్లీమీటర్ల పారదర్శక రేకు కోసి పెట్టాను.

చాసిస్ (కారు అడుగు చట్రం), సైలెన్సరు గొట్టాలు, వెనక ఆక్సిల్ ఏ ఇబ్బందీ లేకుండా కూర్చున్నాయి. లోపలి భాగం కూడా అంతే. డాష్‌బోర్డు మీటర్లకు ఇచ్చిన స్టిక్కర్లు చాలా సన్ననివి, మెత్తబరిచే ద్రవం ఒక చుక్క వేస్తే గుంటలలోకి ఒదిగిపోతాయి. టైర్లు నిజమైన రబ్బరులాగే ఉన్నా మెరుపు ఎక్కువ. నేల మీద ఆనేచోట ఉప్పు కాగితంతో రుద్దితే సరిపోతుంది.

ప్రతి ఆగస్టులో మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచి. గత ఆగస్టులో ఫెర్న్‌డేల్ దగ్గర రోడ్డు పక్కన ఆగిన నారింజ జెడ్/28 ఒకటి చూసి, యజమాని అనుమతితో బానెట్ కింద ముప్పై దాకా ఫొటోలు తీసుకున్నాను. రేడియేటర్ పై గొట్టం ఏ కోణంలో వంగుతుందో, బ్యాటరీ తీగ ఎటు పోతుందో, ఎయిర్ క్లీనర్ మూత మీద వెలుగు ఎలా పడుతుందో పెట్టెలోని కాగితం చెప్పదు; ఆ ఫొటోలే నాకు సూచనల పుస్తకం అయ్యాయి. కిట్‌లోని సూచనల కాగితం ముక్కలు ఎక్కడ అతకాలో స్పష్టంగానే చెబుతుంది గానీ, రంగుల దగ్గర మరీ క్లుప్తం.

ధర గురించి ఒక మాట. ముప్పై డాలర్లు కిట్‌కే. ప్రైమరు, రెండు నారింజలు, తెలుపు, లక్క, రేకు, తీగ, పాలిషింగ్ బట్టలు కలిపితే అంతకు రెట్టింపు దాటింది. ఇవేవీ లేకుండా డబ్బాతో రంగు కొట్టి, బానెట్ కింద తీగలు పెట్టకుండా కట్టినా మంచి బొమ్మే వస్తుంది, ఆకారం అచ్చులోనే ఉంది గనుక. పదేళ్లు దాటిన పిల్లలు పెద్దవారి తోడుతో కట్టగలరు. కానీ మొదటి కిట్‌గా ఇదే తీసుకోవాలా అంటే, ఇంజన్ లేకుండా బాడీ, చాసిస్ మాత్రమే ఉండే సులువు రకం ఒకటి ముందు కట్టి, రంగు మీద చేయి తిరిగాక దీనికి రమ్మంటాను.

ఫొటోలు చూసి విజయవాడ నుంచి మా మేనల్లుడు "మామయ్యా, వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్టుకురా, రంగులతో సహా" అని అడిగాడు. ఇండియాకు తీసుకెళ్లదలచినవారు ఈ ఒక్కటి గమనించాలి: కిట్ పెట్టెకు ఏ అభ్యంతరమూ లేదు గానీ, స్ప్రే డబ్బాలూ లక్క రంగులూ థిన్నరూ మండే పదార్థాలు గనుక విమానంలో చేతి సంచిలోనూ పెద్ద పెట్టెలోనూ అనుమతించరు. నీటితో కలిపే యాక్రిలిక్ రంగుల్లో మండనివి తీసుకోవచ్చు, సీసా మీద రాసింది చూసి. వాడికి కిట్, ఫాయిల్ రేకు ఒక పలక, 0.3 తీగ చుట్ట, పాలిషింగ్ బట్టలు సర్దాను. నారింజ మాత్రం అక్కడే కలుపుకోవాలి, అడుగున తెలుపు వేయడం మరిచిపోకుండా.